జ్ఞానదంతం తీసిన తరువాత ఇంటివారు తీసుకోవలసిన జాగ్రత్తలు

పన్ను తీయడం డాక్టరుగారి పని. అది అరగంటలోనో, గంటలోనో అయిపోతుంది. గాయం మానడం మాత్రం ఆసుపత్రిలో జరగదు. అది మీ ఇంట్లో, మీరు వండిపెట్టే తిండితో, మీరు తీసుకునే జాగ్రత్తలతో కొన్ని వారాలపాటు జరుగుతుంది. అందువల్ల ఈ వ్యాసాన్ని పన్ను తీయించుకున్నవారికంటే ముఖ్యంగా వారిని ఇంటికి తీసుకువెళ్లే తల్లిదండ్రులు, భార్యాభర్తలు, అత్తమామల కోసం రాస్తున్నాను.

ఇందుకు ఒక కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం 22 ఏళ్ల అమ్మాయికి కింది దవడలో జ్ఞానదంతం తీశారు. పాటించవలసిన జాగ్రత్తలన్నీ నేనే ఆమెకు చెప్పాను. అప్పటికి ఆమె నోటిలో గాజుగుడ్డ ఉంది, సగం ముఖం మొద్దుబారి ఉంది. అన్నిటికీ తల ఊపింది. చీటీ కూడా చేతిలో పెట్టాను. బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారిని లోపలికి పిలవాలని నాకు తోచలేదు. ఆ సాయంత్రం కోడలి నోట్లో నెత్తురు చూసి ఆ పెద్దామె కంగారుపడింది. నోరు శుభ్రపడాలని వేడినీళ్లలో ఉప్పు వేసి గట్టిగా పుక్కిలించమంది. పుక్కిలించినకొద్దీ నెత్తురు ఎక్కువైంది. నెత్తురు ఎక్కువైందని మళ్లీ పుక్కిలించింది. రాత్రి 11 గంటలకు ఆటోలో తీసుకువచ్చేసరికి ఆ పిల్ల చేతిలోని తువ్వాలు తడిసిపోయి ఉంది.

కొత్త గాజుగుడ్డ మడతపెట్టి గట్టిగా కొరికి పట్టించగా, కొంతసేపటికి నెత్తురు ఆగింది. “నేను మంచికే చేశాను నర్సమ్మా, నాకెవరూ చెప్పలేదు” అని అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె అన్నది నిజమే. పొరపాటు నాది. ఆనాటి నుంచి ఇంటివారిని కూడా కూర్చోబెట్టి చెప్పకుండా ఎవరినీ ఇంటికి పంపడం లేదు. అప్పుడు చెప్పే మాటలే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

జ్ఞానదంతం అంటే ఏమిటి?

పెద్దవారి నోటిలో మొత్తం 32 పళ్లు ఉంటాయి. వీటిలో పైన రెండు, కింద రెండు, దవడల చిట్టచివర వచ్చే నాలుగు దంతాలను జ్ఞానదంతాలు అంటారు. ఇవి సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. బుద్ధి తెలిసే వయసులో వస్తాయి గనుక ఆ పేరు వచ్చింది. కొందరికి నాలుగూ రావు. అందులో భయపడవలసింది ఏమీ లేదు.

చాలామందికి దవడలో ఈ పన్నుకు చోటు చాలదు. అప్పుడది అడ్డంగా గాని, ఏటవాలుగా గాని పెరిగి పక్క పన్నును నెడుతుంది. లేదా సగం బయటికి వచ్చి సగం చిగురు కిందే ఉండిపోతుంది. ఆ చిగురు కింద అన్నం మెతుకులు చేరి కుళ్లుతాయి. చిగురు వాచి చీము పడుతుంది, నోరు తెరవడం కష్టమవుతుంది. పక్కనున్న మంచి పన్ను కూడా పుచ్చిపోవచ్చు. ఇటువంటి బాధలున్నప్పుడు ఎక్స్‌రే చూసి డాక్టరుగారు పన్ను తీయాలని చెబుతారు. ఏ బాధా పెట్టకుండా తిన్నగా వచ్చిన జ్ఞానదంతాన్ని తీయవలసిన అవసరం లేదు.

చిగురులో ఇరుక్కున్న పన్నును తీయడానికి చిగురును కోయాలి, కొంచెం ఎముకను తొలగించాలి, ఒక్కోసారి పన్నును ముక్కలు చేసి తీయాలి. చివర కుట్లు వేస్తారు. అందుకే మామూలు పన్ను తీసినప్పటికంటే దీనికి నొప్పి, వాపు ఎక్కువగా ఉంటాయి. “వదినగారికి పన్ను తీస్తే మర్నాడే పనికి వెళ్లింది, నీకేమిటి ఇంత బాధ?” అని రోగిని అనవద్దు. రెండూ ఒకటి కావు.

గాయం ఎలా మానుతుంది?

పన్ను తీసిన చోట చిన్న గుంట ఏర్పడుతుంది. ఆ గుంటలోకి నెత్తురు వచ్చి గడ్డకడుతుంది. ఈ నెత్తురు గడ్డే గాయానికి మొదటి మందు. అది కింద ఉన్న ఎముకను, నరాలను కప్పి కాపాడుతుంది. దాని మీదనే కొత్త కండ పెరుగుతుంది.

పాలు తోడుపెట్టిన గిన్నెను ఎలా చూసుకుంటామో తలచుకోండి. మాటిమాటికి కదిపితే, గరిటె పెడితే పెరుగు తోడుకోదు. నెత్తురు గడ్డ కూడా అంతే. మొదటి రోజు దానిని కదపకుండా ఉంచడమే మీరు చేయవలసిన అసలు పని. ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు, పొగ పీల్చవద్దు అని చెప్పేదంతా ఇందుకోసమే.

మానే క్రమం ఇలా ఉంటుంది:

మొదటి రోజు నెత్తురు గడ్డకడుతుంది. వారం రోజులలో గుంటలో కొత్త కండ పెరగడం మొదలవుతుంది. 3, 4 వారాలకు పైన చిగురు చాలావరకు కప్పుకుంటుంది. గుంటలో ఎముక నిండడానికి 3 నుంచి 6 నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ గుంట కొన్ని వారాలపాటు నాలుకకు తగులుతూనే ఉంటుంది. గుంట ఇంకా పూడలేదని కంగారుపడనవసరం లేదు.

మొదటి 24 గంటలు

1. గాయం మీద పెట్టిన గాజుగుడ్డను 45 నిమిషాల నుంచి గంటసేపు గట్టిగా కొరికి పట్టుకోవాలి. ఆ సమయంలో మాట్లాడించకూడదు. నెత్తురు ఆగిందా అని మధ్యమధ్య తీసి చూడకూడదు. గంట తరువాత గుడ్డను మెల్లగా తీసివేయండి. రాత్రి గుడ్డ నోట్లో పెట్టుకుని నిద్రపోనివ్వకండి.

2. లాలాజలం గులాబీరంగులో రావడం, నెత్తురు చారలు కనబడడం ఒక రోజు వరకు మామూలే. ఒక చుక్క నెత్తురు కూడా నోటినిండా ఉన్న ఉమ్మిలో కలిస్తే చాలా ఎక్కువగా కనబడుతుంది. ఉమ్మిని ఉమ్మకుండా మింగమనండి. మింగడం ఇష్టం లేకపోతే తల వంచి దానంతటది కారిపోయేలా తువ్వాలుతో తుడవండి.

3. నోరు నిండేలా ఎర్రటి నెత్తురు వస్తుంటే రోగిని నిటారుగా కూర్చోబెట్టండి. శుభ్రమైన గాజుగుడ్డను, అది లేకపోతే ఉతికి ఇస్త్రీ చేసిన మెత్తని నూలుగుడ్డను మందంగా మడిచి, కొంచెం తడిపి, సరిగ్గా గుంట మీద పెట్టి 30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోమనండి. దూది పెట్టవద్దు, దాని పోగులు గాయానికి అంటుకుంటాయి. గడియారం చూసి 30 నిమిషాలు పట్టించండి. ఇలా రెండుసార్లు చేసినా ఆగకపోతే ఎంత రాత్రయినా ఆసుపత్రికి తీసుకురండి.

4. మొద్దుబారడం కొన్ని గంటలు ఉంటుంది. ఆ సమయంలో పెదవి, బుగ్గ, నాలుక కొరుక్కున్నా తెలియదు, కాలినా తెలియదు. మొద్దు విడిచేదాకా నమలవలసినవి, వేడివేడివి పెట్టకండి.

5. మంచుముక్కలను గుడ్డలో చుట్టి బుగ్గ మీద బయటినుంచి 15 నిమిషాలు ఉంచి, 15 నిమిషాలు తీసివేయండి. మెలకువగా ఉన్నంతసేపు ఇలా చేస్తే వాపు, నొప్పి కొంత తగ్గుతాయి. మంచు లేకపోతే కుండలోని చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ చాలు. మొదటి రోజు కాపడం పెట్టవద్దు.

6. పడుకునేటప్పుడు తల కింద రెండు దిండ్లు పెట్టండి. బిందెలు మోయడం, బస్తాలు ఎత్తడం, వంగి చేసే పొలం పని రెండు మూడు రోజులు మాన్పించండి. తల వంచి బరువెత్తితే ఆగిన నెత్తురు తిరిగి రావచ్చు.

7. కొబ్బరినీళ్లు, కూల్‌డ్రింకు, ఏదైనా సరే స్ట్రాతో పీల్చనివ్వకండి. గ్లాసులో పోసి ఇవ్వండి. పీల్చినప్పుడు నోటిలో కలిగే లాగుడుకు నెత్తురు గడ్డ ఊడి వస్తుంది.

దూరపు ఊళ్ల నుంచి వచ్చినవారు నెత్తురు ఆగిందని చూపించుకోకుండా బస్సెక్కవద్దు. ఇంటికి వెళ్లాక అవసరమైతే ఫోను చేయడానికి ఆసుపత్రి నంబరు చీటీ మీద ఉందో లేదో చూసుకోండి.

రెండవ రోజు నుంచి

24 గంటలు గడిచాక ఉప్పునీళ్లు మొదలుపెట్టాలి. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి కలపండి. ఆ నీళ్లను నోటిలో పోసుకుని తలను అటూ ఇటూ నెమ్మదిగా వంచి, నోరు తెరిచి వదిలేయాలి. బుగ్గలు పొంగించి గడగడ పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు ఇలా చేయాలి. వారం రోజులు మానవద్దు.

మిగిలిన పళ్లను మెత్తటి బ్రష్‌తో తోముకోవాలి. గాయం ఉన్న చోటును మాత్రం కొన్నాళ్లు బ్రష్‌తో తాకకూడదు. నోరు తోముకోకుండా వదిలేస్తే మురికి చేరి గాయానికి చీము పట్టవచ్చు. వేపపుల్ల, బొగ్గుపొడి, ఇటుకపొడి, వేలితో రుద్దడం ఈ రోజుల్లో వద్దు.

వాపు రెండవ, మూడవ రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. “నిన్నటికంటే ఈ రోజు ఎక్కువైంది” అని చాలామంది భయపడి వస్తారు. మూడవ రోజు వరకు పెరగడం సహజమే. నాలుగవ రోజు నుంచి తగ్గుముఖం పట్టాలి. 48 గంటల తరువాత బుగ్గ మీద గోరువెచ్చని కాపడం పెట్టవచ్చు. కొందరికి బుగ్గ మీద, మెడ మీద కమిలినట్లు నీలంగా, ఆపైన పసుపుపచ్చగా అవుతుంది. అది వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది.

దవడ కండరాలు బిగుసుకుని నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కూడా మామూలే. మూడవ నాలుగవ రోజు నుంచి రోజుకు కొన్నిసార్లు నెమ్మదిగా నోరు తెరుస్తూ మూస్తూ ఉండమనండి. ఒకటి రెండు వారాలలో వదులవుతుంది. బలవంతంగా నోరు తెరవవద్దు.

నల్లదారం కుట్లు వేస్తే సుమారు 7వ రోజున వచ్చి తీయించుకోవాలి. కరిగిపోయే కుట్లయితే వాటంతటవే ఊడిపోతాయి. ఏ రకం వేశారో ఇంటికి వెళ్లేముందే అడిగి తెలుసుకోండి.

పై దవడ పన్ను తీసినవారికి

పై దవడ చివరి పళ్ల వేర్లకు పైనే ముక్కుకు సంబంధించిన గాలి గది ఉంటుంది. పన్ను తీసినప్పుడు అరుదుగా ఈ రెండింటి మధ్య చిన్న దారి పడుతుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి రావడం దీని గుర్తు. అలా జరిగితే ఆలస్యం చేయక డాక్టరుగారికి చూపించండి. పై పన్ను తీసినవారు రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి.

ఏమి తినిపించాలి?

గాయం మానాలంటే ఒంట్లో బలం ఉండాలి. పథ్యం పేరుతో రోగిని పస్తు ఉంచడం మన ఇళ్లలో తరచుగా చూస్తుంటాం. ఇది మంచిది కాదు.

మొదటి రోజు చల్లార్చిన రాగిజావ, మజ్జిగ, పాలు, కొబ్బరినీళ్లు, పలుచని గంజి ఇవ్వండి. పొగలు వచ్చే కాఫీ, టీ వద్దు, చల్లార్చి తాగవచ్చు. ఐస్‌క్రీము చెంచాతో తినవచ్చు.

రెండవ రోజు నుంచి మెత్తగా కలిపిన పెరుగన్నం, పప్పన్నం, పాలలో నానిన ఇడ్లీ, ఉప్మా, మెత్తటి కిచిడి, అరటిపండు, ఉడికించిన గుడ్డు పెట్టండి. తీసిన వైపు కాకుండా రెండవ వైపు నమలాలి. కారం, పచ్చళ్లు, పులుపు వారం రోజులు తగ్గించండి.

జంతికలు, అప్పడాలు, వేరుశనగలు, మరమరాలు, జామగింజలు వంటివి రెండు వారాలు వద్దు. వీటి ముక్కలు గుంటలో ఇరుక్కుని బాధపెడతాయి.

మందుల విషయంలో

నొప్పిమాత్ర మొదటి మోతాదు మొద్దు పూర్తిగా విడవకముందే వేయండి. నొప్పి ముదిరిన తరువాత వేసే మాత్రకంటే ముందుగా వేసినదే బాగా పనిచేస్తుంది. ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఖాళీ కడుపుతో వేయకూడదు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పాలి. వారికి వేరే మందు రాస్తారు.

క్రోసిన్, డోలో రెండూ పారాసిటమాలే. కాంబిఫ్లామ్‌లో కూడా ఐబుప్రొఫెన్‌తోపాటు పారాసిటమాల్ ఉంటుంది. పేర్లు వేరు గనుక మందులు వేరనుకుని ఇంట్లో ఒకరు ఒకటి, మరొకరు ఇంకొకటి ఇస్తుంటారు. పెద్దవారు రోజు మొత్తంలో తీసుకునే పారాసిటమాల్ 4 గ్రాములకు, అంటే 500 మి.గ్రా. మాత్రలు 8కి మించకూడదు. కాలేయం జబ్బు, తాగే అలవాటు ఉన్నవారికి ఇంకా తక్కువే ఇవ్వాలి. మాత్రలు ఇచ్చే పని ఇంట్లో ఒక్కరే చూసుకోవాలి. ఇచ్చిన సమయాన్ని చీటీ మీద రాసి పెట్టుకోవాలి.

నొప్పి ఉన్నచోట యాస్పిరిన్ మాత్రను చిగురుకు ఆనించి పెట్టేవారున్నారు. దానివల్ల చిగురు కాలి తెల్లగా పొక్కుతుంది. పైగా యాస్పిరిన్ నెత్తురును పలుచన చేస్తుంది.

యాంటిబయాటిక్స్ అందరికీ అవసరం లేదు. రాసి ఇస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ వాడాలి. మందుల షాపులో అడిగి సొంతంగా కొనవద్దు. మాత్ర వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మందు ఆపి వెంటనే తీసుకురండి. మెట్రోనిడజోల్ వాడుతున్న రోజుల్లోను, ఆపైన మూడు రోజులు మద్యం ముట్టకూడదు. వాంతులు, గుండెదడ రావచ్చు.

పొగాకు

చుట్ట, బీడీ, సిగరెట్టు కనీసం మూడు రోజులు, వీలైతే వారం రోజులు మానాలి. పొగాకు చిగుళ్లకు రక్తప్రసరణను తగ్గిస్తుంది. పొగ పీల్చే లాగుడు నెత్తురు గడ్డను కదుపుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు స్త్రీలు నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు. ఆ వేడి నేరుగా గాయానికే తగులుతుంది. అడ్డపొగ వల్ల అంగిలిలో క్యాన్సరు కూడా వస్తుంది గనుక వారు దీనిని శాశ్వతంగా మానడానికి ఇదే మంచి సమయం. గుట్కా, ఖైనీ, పాన్ కూడా అంతే. గాయం ఉన్న బుగ్గలో కాకుండా రెండో బుగ్గలో పెట్టుకుంటే ఫరవాలేదనుకోవడం తప్పు.

మూడవ రోజు వచ్చే నొప్పి: డ్రై సాకెట్

రెండు రోజులు బాగానే ఉండి, మూడవ రోజున గాని నాలుగవ రోజున గాని తట్టుకోలేని నొప్పి మొదలైతే అది డ్రై సాకెట్ కావచ్చు. అంటే గుంటలోని నెత్తురు గడ్డ ఊడిపోయి, లేదా కరిగిపోయి, కింద ఎముక బయటపడిందన్నమాట. నొప్పి చెవిలోకి, కణతలోకి పాకుతుంది. రాత్రి నిద్ర ఉండదు. నోరు వాసన వస్తుంది. మాత్ర వేసినా నొప్పి సరిగా తగ్గదు.

పన్ను తీసిన 100 మందిలో సుమారు 2 నుంచి 5 మందికి ఇది వస్తుంది. కింది దవడ జ్ఞానదంతాలకు ఇంతకంటే ఎక్కువగా వస్తుంది. పొగతాగేవారికి, గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలకు, పన్ను తీయడం కష్టమైనవారికి వచ్చే అవకాశం ఎక్కువ.

ఇంట్లో లవంగనూనె పోయడం, లవంగం కుక్కడం, సున్నం పెట్టడం చేయవద్దు. లవంగనూనె నేరుగా పచ్చిగాయంలో పడితే కండ కాలుతుంది. ఆసుపత్రికి వస్తే డాక్టరుగారు గుంటను సెలైన్‌తో కడిగి, మందు కలిపిన కట్టు పెడతారు. చాలామందికి ఆ రోజే నొప్పి బాగా తగ్గుతుంది. అవసరాన్ని బట్టి కట్టు మారుస్తారు. భయపడవలసిన జబ్బు కాదు గాని, ఓర్చుకుంటూ ఇంట్లో కూర్చోవలసిన అవసరమూ లేదు.

గాయంలో తెల్లపొర కనబడితే

నాలుగైదు రోజులకు గుంటలో తెల్లటి, లేత పసుపురంగు పొర కనబడుతుంది. దీనిని చీము అనుకుని ఒక తండ్రి టార్చిలైటు వేసి, అగ్గిపుల్లకు దూది చుట్టి కొడుకు గాయాన్ని శుభ్రం చేశాడు. ప్రేమతోనే చేశాడు. కాని ఆ పొర మానుతున్న గాయం తన మీద తాను కప్పుకునే దుప్పటి. దానిని గీకితే మానినదంతా మళ్లీ మొదటికి వస్తుంది. చీము అయితే దానితోపాటు నొప్పి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, జ్వరం, దుర్వాసన ఉంటాయి. ఇవేవీ లేకుండా తెల్లపొర మాత్రమే ఉంటే దానిని తాకవద్దు.

కొన్ని వారాల తరువాత చిగురులోంచి చిన్న గట్టి మొన తగలవచ్చు. అది ఎక్కువగా చిన్న ఎముక పెచ్చు. కొన్నిసార్లు తనంతట ఊడిపోతుంది. గుచ్చుకుంటుంటే డాక్టరుగారు తీసివేస్తారు.

పెద్దలు తరచుగా అడిగే ప్రశ్నలు

పై పన్ను తీస్తే కంటిచూపు తగ్గుతుందా?
తగ్గదు. పంటికి వెళ్లే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. ఈ భయంతో పుచ్చిన పన్నును ఏళ్ల తరబడి ఉంచుకుని చీముతో బాధపడవద్దు.

పప్పు తింటే చీము పడుతుందంటారు, నిజమేనా?
కాదు. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. పప్పులో, గుడ్డులో ఉండే మాంసకృత్తులు కొత్త కండ పెరగడానికి కావాలి. కారం తక్కువ వేసి మెత్తగా ఉడికించిన పప్పు చక్కగా పెట్టవచ్చు.

పెరుగు, మజ్జిగ తింటే జలుబు చేసి వాపు పెరుగుతుందా?
పెరగదు. మొదటి రోజు వాటి చల్లదనం హాయిగా కూడా ఉంటుంది.

తలస్నానం చేయవచ్చా?
మర్నాటి నుంచి గోరువెచ్చని నీళ్లతో చేయవచ్చు.

గాయానికి పసుపు పెట్టవచ్చా?
వద్దు. ఇంట్లో ఉండే ఏ పొడినీ గుంటలో వేయకూడదు.

షుగరు, గుండె జబ్బు ఉన్నవారికి

షుగరు ఉన్నవారికి గాయం మెల్లగా మానుతుంది, చీము పట్టే అవకాశం ఎక్కువ. నొప్పి వల్ల తినకుండా ఇన్సులిన్ గాని, మాత్ర గాని వేసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనబడితే వెంటనే చక్కెర నీళ్లు తాగించండి. మత్తుగా ఉండి మింగలేని స్థితిలో నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. షుగరు మందు ఎలా వాడాలో పన్ను తీయించుకునే ముందే అడిగి తెలుసుకోండి.

గుండెకు స్టెంటు వేసినవారు, పక్షవాతం వచ్చినవారు నెత్తురు పలుచబడే మందులు వాడుతుంటారు. పన్ను కోసమని ఆ మందును ఇంట్లో మీ అంతట మీరు ఆపవద్దు. ఆపితే గుండెకో మెదడుకో ముప్పు రావచ్చు. పంటి నెత్తురును ఆపే మార్గాలున్నాయి. దవడకు, మెడకు కరెంటు వైద్యం చేయించుకున్నవారు, ఎముకలు గట్టిపడడానికి ఇంజెక్షన్లు తీసుకున్నవారు కూడా ముందే చెప్పాలి. వారి దవడ ఎముక మానడం కష్టమవుతుంది.

ఆలస్యం చేయకూడని గుర్తులు

ఒక కూలీ మనిషికి కింది పన్ను తీశాక దవడ కింద వాచింది. ఇంటివారు గవదబిళ్లలు అనుకుని రెండు రోజులు పట్టు వేశారు. ఐదవ రోజు అతను ఉమ్మి కూడా మింగలేకపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తెల్లవారుజామున తీసుకువచ్చేసరికి నాలుక పైకి లేచిపోయి ఉంది. అత్యవసరంగా ఊపిరికి గొట్టం వేసి, మెడ దగ్గర కోసి చీము వదిలించారు. అతను బతికాడు. ఇంకొక రాత్రి ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

కింది దవడ పళ్ల నుంచి నాలుక కిందికి, మెడలోకి పాకే ఈ జబ్బును జర్మనీ డాక్టరు లుడ్విగ్ 1836లో వివరించాడు. ఆయన పేరుతోనే దీనిని పిలుస్తారు. యాంటిబయాటిక్స్ లేని కాలంలో ఇది వచ్చినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. ఈనాడు సమయానికి వస్తే కాపాడగలం. ఇది అరుదు. కాని గుర్తులు ఇంటివారికి తెలిసి ఉండాలి.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రా పగలా అని చూడకుండా 108కి ఫోను చేయండి, లేదా దగ్గరి పెద్ద ఆసుపత్రికి వెళ్లండి:

- ఊపిరి తీసుకోవడం కష్టం కావడం, పడుకోలేకపోవడం
- ఉమ్మి మింగలేక చొంగ కారడం, గొంతు మారిపోవడం
- నాలుక కింద, గడ్డం కింద, మెడకు రెండు వైపులా గట్టిగా వాపు రావడం
- వాపు కంటి దాకా పాకి కన్ను మూసుకుపోవడం

కింది వాటికి అదే రోజు ఆసుపత్రికి రండి:

- రెండుసార్లు గుడ్డ కొరికి పట్టినా ఆగని నెత్తురు (రాత్రయినా ఆగవద్దు)
- 101 డిగ్రీలు, అంతకుమించిన జ్వరం, చలి
- నాలుగవ రోజు తరువాత కూడా పెరుగుతున్న వాపు, చీము
- మూడవ రోజు తరువాత ఎక్కువైన నొప్పి
- రోజు గడిచినా పెదవి, గడ్డం, నాలుక మొద్దుగానే ఉండడం. నరం కమలడం వల్ల ఇలా అవుతుంది. చాలామందికి కొన్ని వారాలు, నెలలలో తగ్గుతుంది. అయినా డాక్టరుగారికి తెలియాలి.

చివరగా ఒక మాట

మొదట చెప్పిన అత్తగారు మరి రెండేళ్లకు తన చిన్నకొడుకును పన్ను తీయించడానికి తీసుకువచ్చింది. నేను పిలవకముందే లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇప్పుడు చెప్పు నర్సమ్మా, అన్నీ నాకే చెప్పు” అంది. చెప్పినవన్నీ తిరిగి నాకు అప్పజెప్పింది. ఆ అబ్బాయి 7వ రోజున కుట్లు తీయించుకోవడానికి నవ్వుతూ వచ్చాడు.

మీరు కూడా అలాగే లోపలికి రండి. తెలియనిది అడగండి. నర్సుకు తొందర పనులున్నాయని మొహమాటపడకండి. చదవడం రానివారు చీటీని చదివించుకుని వినండి. ఈ పుస్తకాన్ని వారం రోజులు ఇంట్లో అందరికీ కనబడేచోట ఉంచండి.